స్టెతస్కోపు కనిపెట్టిన డాక్టర్ లెనెక్

డాక్టరు మెడలో వేలాడే గొట్టాన్ని చూడనివారు మన సంఘాలలో ఎవరూ ఉండరు. పల్లెలనుండి వచ్చిన రోగులైతే గొట్టం పెట్టి చూడనిదే వైద్యం జరిగినట్లు ఒప్పుకోరు. ఎన్ని మందులు రాసి ఇచ్చినా, డాక్టరు గారు నన్ను గొట్టం పెట్టి చూడలేదమ్మా అని నర్సుల దగ్గర వాపోతారు. ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసిన నేను ఆ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఆ గొట్టం ఎవరు కనిపెట్టారో మాత్రం వారిలో ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే చాలా కాలం నేనూ ఎవరినీ అడగలేదు.

ఈ శతవార్షిక సంచికకు ఆరోగ్యం గురించి ఒక వ్యాసం కావాలని కమిటీవారు అడిగారు. దగ్గు, జ్వరం, న్యుమోనియా, క్షయ రాకుండా ఏమేమి చేయాలో పట్టికలాగా రాసి ఇవ్వవచ్చు. అలాంటి పట్టికలు ప్రతి ఆసుపత్రి గోడమీదా ఉన్నాయి, నిలబడి చదివినవారిని నేను చూడలేదు. కనుక ఒక మనిషి జీవితం చెబుతాను. చెప్పవలసిన జాగ్రత్తలు అందులోనే వస్తాయి.

ఫ్రాన్సు దేశానికి పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకొనిపోయినట్లుండే ప్రాంతం బ్రిటనీ. అక్కడి కెంపేర్ పట్టణంలో 1781 ఫిబ్రవరి 17న రెనే లెనెక్ జన్మించాడు. తండ్రి న్యాయవాది. కవిత్వం మీద మోజు, చేతిలో డబ్బు నిలవని స్వభావం. తల్లి 1786లో మరణించింది. ఆమెను తీసుకొనిపోయినది క్షయ అనే ఆయన చరిత్ర రాసినవారు తలుస్తారు. పిల్లవాడికి అప్పటికి ఐదేళ్లు. తండ్రికి పిల్లలను పెంచే ఓపిక లేకపోయింది. కుర్రవాణ్ణి మొదట గురువుగా ఉన్న పినతండ్రి దగ్గరకు, ఆ తరువాత 1788లో నాంత్ నగరంలో వైద్యుడుగా ఉన్న మరొక పినతండ్రి గియోమ్ దగ్గరకు పంపించారు. ఆ రెండవ పినతండ్రే లెనెక్‌ను మనిషిని చేశాడు.

మరుసటి సంవత్సరమే ఫ్రెంచి విప్లవం వచ్చింది. నాంత్‌లో ఆ రోజులు భయంకరమైనవి. వారు కాపురమున్న చౌకులోనే గిలటిన్ నిలబెట్టారు. అంత కల్లోలంలోనూ గాయపడినవారికి ఆసుపత్రి కావాలి కదా. పద్నాలుగో ఏటనే లెనెక్ ఆసుపత్రి పనిలో చేరాడు. పొట్టివాడు, బక్కపలచని శరీరం, తరచు ఆయాసం. అయినా గ్రీకు, లాటిను భాషలు శ్రద్ధగా నేర్చుకున్నాడు. పిల్లనగ్రోవి వంటి ఫ్లూటు వాయించేవాడు. ఈ ఫ్లూటు సంగతి గుర్తుంచుకోండి. శబ్దంలోని చిన్న తేడాను పట్టగల చెవి ఆయనకు ముందునుంచీ ఉన్నది.

1801లో పారిస్ చేరి, తరువాత నెపోలియన్‌కు వైద్యుడైన కొర్విసార్ దగ్గర చదివాడు. 1803లో వైద్యంలోనూ శస్త్రవిద్యలోనూ బహుమతులు అందుకొని, 1804లో పట్టా పొందాడు. అప్పటి వైద్యులకు రోగి గుండెలోపల ఏమున్నదో తెలుసుకునే దారి బహు కొద్ది. నాడి చూడటం, నాలుక చూడటం, రోగి చెప్పినది వినటం. ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔఎన్‌బ్రుగ్గర్ 1761లో ఒక పద్ధతి ప్రచురించాడు. ఆయన పూటకూళ్ల ఇంటివాని కొడుకు. పీపాలను తట్టి లోపల సారా ఎంతవరకు ఉన్నదో చెప్పడం తెలిసిన ఇంట పెరిగాడు. అదే విధంగా రోగి ఛాతీని వేళ్లతో తట్టి లోపల గాలి ఉన్నదా, నీరు చేరిందా అని కనుక్కోవచ్చునన్నాడు. మన ఆడవారు సంతలో కుండను తట్టి కొనడం, కొబ్బరికాయను తట్టి చూడటం ఇటువంటిదే. దాదాపు యాభై ఏళ్లు ఆ పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొర్విసార్ దానిని ఫ్రెంచిలోకి తెచ్చి శిష్యులకు నేర్పాడు.

ఆ సంవత్సరాలలో లెనెక్ చుట్టూ క్షయ ఒక్కొక్కరినే తీసుకొనిపోయింది. 1810లో తమ్ముడు పోయాడు. క్షయ మీద గొప్ప గ్రంథం రాసిన ఆప్తమిత్రుడు బైల్ కూడా 1816లో అదే వ్యాధితో పోయాడు. 1814లో నెపోలియన్ యుద్ధాలు ముగిసే రోజులలో పారిస్ ఆసుపత్రులు రోగులైన సైనికులతో నిండిపోయాయి. వారిలో బ్రిటనీనుండి బలవంతంగా పట్టుకొచ్చిన పల్లెటూరి పిల్లలు చాలామంది. వారికి ఫ్రెంచి రాదు, ఎవరికి ఏ నొప్పో చెప్పుకోలేరు. లెనెక్ వారినందరినీ ఒకచోట చేర్చి, వారి సొంత భాష తెలిసినవారిచేత వైద్యం చూపించాడు. ఆసుపత్రిలో తన భాష వినపడగానే రోగి ముఖం ఎలా మారుతుందో చూసినవారికి ఇది చిన్న సంగతి కాదని తెలుస్తుంది.

1816లో నెక్కెర్ ఆసుపత్రిలో ఆయనకు ఉద్యోగం దొరికింది. ఆ సంవత్సరమే ఒక యువతి గుండెజబ్బు లక్షణాలతో వచ్చింది. ఆమె స్థూలకాయురాలు గనుక తట్టి చూసినా ఏమీ తెలియలేదు. ఛాతీకి చెవి ఆనించి వినడం అప్పుడు కొందరు వైద్యులు చేసే పనే గాని, వయసులో ఉన్న స్త్రీ ఛాతీమీద తల పెట్టడం ఆయనకు సభ్యతగా తోచలేదు. ఆ క్షణంలో ఆయనకు ఒక విషయం గుర్తుకు వచ్చింది. కర్రదూలం ఒక కొసన గుండుసూదితో గీకితే రెండవ కొసన చెవి పెట్టినవారికి స్పష్టంగా వినబడుతుంది. మన పిల్లలు రైలుపట్టాకు చెవి ఆనించి దూరాన ఉన్న బండి చప్పుడు వింటారు చూడండి, ఆ సూత్రమే. పక్కనున్న కాగితాల దస్తాను బిగువుగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీమీద, ఒక కొస తన చెవికి పెట్టుకున్నాడు. చెవి నేరుగా ఆనించినప్పటికంటే స్పష్టంగా గుండె చప్పుడు వినబడింది.

తరువాత కాగితం పోయి కర్ర వచ్చింది. ఆయనే స్వయంగా తరిమెన పట్టి, సుమారు అడుగు పొడవున్న కర్రగొట్టాలు చేసుకునేవాడు. జేబులో పట్టేటట్లు రెండు ముక్కలుగా విడదీయవచ్చు. ఈనాడు మనం చూసే రెండు చెవుల రబ్బరు గొట్టం చాలా ఏళ్ల తరువాతిది.

అయితే గొట్టం కనిపెట్టడం ఒక్క పూట పని. దాని వెనుక పని మూడేళ్లు పట్టింది. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఆ మూడేళ్లలో ఉన్నది. ప్రతి ఉదయం రోగుల ఛాతీలు విని, విన్నది విన్నట్లు రాసుకునేవాడు. రోగి మరణిస్తే శరీరాన్ని పరీక్షించి, తాను విన్న చప్పుడుకు లోపలి స్థితితో ఏ సంబంధం ఉన్నదో సరిచూసేవాడు. తప్పయితే తప్పని రాసుకునేవాడు. ఊపిరితిత్తుల వాపు, అంటే న్యుమోనియా ఆరంభంలో వినబడే చప్పుడు కాగిన పెనంమీద ఉప్పు చల్లినప్పటి చిటపటలవలె ఉంటుందని ఆయన చెప్పినది ఈనాటికీ వైద్యవిద్యార్థులు నేర్చుకుంటారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే రోగి గొంతు మేక అరుపులాగా వినబడుతుంది. క్షయవలన ఊపిరితిత్తిలో గుంట పడితే, రోగి మాట అతని నోటినుండి కాక ఛాతీనుండే నేరుగా చెవిలోకి వచ్చినట్లుంటుంది. ఇవన్నీ 1819లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. కొంత పైకం అదనంగా ఇస్తే పుస్తకంతోపాటు స్టెతస్కోపు కూడా ఇచ్చేవారు.

ఇక్కడ ఒక ముచ్చట. ఊపిరితిత్తుల చప్పుళ్లకు ఆయన మొదట వాడిన ఫ్రెంచి మాటను సామాన్య జనం చావుబ్రతుకుల మధ్య ఉన్నవారి గురక అనే అర్థంలో వాడేవారు. మంచం దగ్గర ఆ మాట అంటే రోగి హడలిపోతాడు. అందుచేత రోగుల ఎదుట లాటిను మాట వాడటం మొదలుపెట్టాడు. నేను పనిచేసిన రోజులలోనూ పెద్ద డాక్టర్లు వార్డులో క్షయ అనే మాట పైకి అనేవారు కాదు, కాక్స్ అనేవారు. అది కాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుని పేరు. ఆయన సంగతి తరువాత వస్తుంది.

ఇంత విన్న చెవి వినలేకపోయినది ఒకటి ఉన్నది. క్షయ ఒకరినుండి మరొకరికి సోకుతుందని లెనెక్ నమ్మలేదు. కనీసం తన దేశంలో అలా కనబడటం లేదన్నాడు. పేద కుటుంబాలలో రోగితోపాటు ఒకే గదిలో, ఒకే మంచంమీద పడుకున్నవారు అందరూ జబ్బు పడటం లేదు కదా అని ఆయన తర్కం. ఎక్కువ కాలం మనసులో ఉండే దుఃఖమే ఈ వ్యాధికి పెద్ద కారణమని తలచాడు. దానికి ఒక ఉదాహరణ కూడా రాశాడు. పారిస్‌లో సన్యాసినుల మఠం ఒకదానికి ఆయన పదేళ్లు వైద్యుడు. ఆ మఠపు నియమాలు అతి కఠినం. ఆ పదేళ్లలో క్షయవలన సభ్యులందరూ ఒకరి తరువాత ఒకరు పోయి, మఠం రెండు మూడు మార్లు కొత్తవారితో నిండింది. మిగిలినవారు బహు కొద్దిమంది. మఠాధిపతి, వాకిలి చూసుకునే ఆమె, తోటపని, వంటపని, రోగుల సేవ చేసేవారు. వీరికి పనివల్ల మనసు మళ్లింది గనుక బ్రతికారని ఆయన నిర్ధారణ చేశాడు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. సాక్ష్యమంతా ఆయన చేతిలోనే ఉన్నది! తోటలో ఉన్నవారు, వాకిట ఉన్నవారు బ్రతికారు. తలుపులు మూసిన గదులలో, ఒకే గాలి పీలుస్తూ గంటల తరబడి ఉన్నవారు పోయారు. రోగుల సేవ చేసినవారు కూడా బ్రతకడమే ఆయనను పొరపాటున పడేసిందేమో. క్షయక్రిమి లోపలికి పోయినవారిలో అందరికీ వ్యాధి రాదనీ, ఎక్కువమందిలో అది అణగి ఉండిపోతుందనీ అప్పుడు ఎవరికీ తెలియదు. ఆయన చూసినది సరియైనదే, అర్థం చేసుకోవడంలో పొరబడ్డాడు. యువకుడుగా ఉన్నప్పుడు క్షయ సోకిన వెన్నుపూసను కోస్తుండగా రంపం తగిలి ఆయన చూపుడువేలు గీసుకొనిపోయింది. అక్కడ చిన్న కణితి లేచింది. మందుతో కాల్చివేశాడు, మానిపోయింది. దానినీ స్వయంగా రాసిపెట్టాడు గాని అంటువ్యాధి అనుకోలేదు. సముద్రపు గాలి క్షయరోగులకు మంచిదని నమ్మి, బ్రిటనీనుండి సముద్రపు నాచు తెప్పించి పారిస్ ఆసుపత్రి వార్డులో పరిపించాడు కూడా. ఇప్పుడు చదివితే నవ్వు వస్తుంది. కాని తల్లినీ తమ్ముడినీ మిత్రుణ్ణీ పోగొట్టుకున్నవాడు, చేతిలో ఏ మందూ లేనివాడు, తనకు తెలిసిన ఒక్క మంచి గాలినీ మూటగట్టి తెప్పించుకున్నాడని తలచుకుంటే నవ్వు ఆగిపోతుంది.

ఆయన తరువాత 1865లో ఫ్రెంచి సైనిక వైద్యుడు విల్‌మెన్ క్షయరోగి శరీరంలోని పదార్థాన్ని కుందేళ్లకు ఎక్కించి, వాటికి వ్యాధి రావడం చూపించాడు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని లోకానికి చూపాడు. అది గాలిలో ఎలా ప్రయాణిస్తుందో స్థిరపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1950లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో వెల్స్, రైలీ అనే శాస్త్రజ్ఞులు క్షయ వార్డునుండి వెలుపలికి పోయే గాలిని గొట్టాల ద్వారా గినీపందుల గూళ్లలోకి పంపించారు. ఆ జంతువులు ఏ రోగినీ తాకలేదు, చూడలేదు. వార్డు గాలి పీల్చాయి, అంతే. వాటికి క్షయ వచ్చింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాలు సోకించి పంపితే రాలేదు.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు నోటినుండి తుంపరలు వస్తాయి. పెద్దవి కింద పడతాయి. బహు చిన్నవి ఆరిపోయి, క్రిములతో సహా గంటల తరబడి మూసిన గదిలో తేలుతుంటాయి. తలుపులు, కిటికీలు తెరిస్తే చెదరిపోతాయి. కనుక క్షయ వచ్చినవారికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టడం వలన ప్రయోజనం లేదు, వారి మనసు నొచ్చుకోవడం తప్ప. కిటికీ తెరవడం వలన, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టడం వలన ఉన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ పాఠమే ప్రపంచమంతా మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. నా చిన్నతనంలో మా చిన్నాన్న బడిపంతులు. దగ్గు మొదలైంది. సుద్దముక్కల పొడి పడటం లేదన్నారు. శీతకాలం పోతే తగ్గుతుందన్నారు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారు గనుక ఆసుపత్రికి పోతే పదిమందికీ తెలుస్తుందని పెద్దలు భయపడ్డారు. ఆ చలికాలమంతా పిల్లలం ఏడుగురం చిన్నాన్నతోపాటు ఒకే గదిలో, చలిగాలి రాకుండా కిటికీ సందులలో గోనెగుడ్డలు కుక్కుకొని పడుకున్నాం. చివరకు పరీక్ష చేయించి మందులు మింగి చిన్నాన్న బాగుపడ్డారు, ముసలితనం దాకా బ్రతికారు. ఆయన చిన్న కూతురు, నాలుగేళ్లది, మెదడుకు క్షయ సోకి పోయింది. చిన్నాన్న ఆ తరువాత ఏ గదిలోనూ కిటికీ మూయనిచ్చేవారు కాదు. కారణం ఎవరూ అడిగేవారు కాదు.

అందుకే చెబుతున్నాను. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. సాధారణమైన క్షయకు ఆరు నెలలు మందు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు చేస్తుంది, అక్కడే చాలామంది మానేస్తారు. మానితే మందుకు లొంగని క్షయ తయారవుతుంది. మందు సక్రమంగా మొదలైతే రోగినుండి ఇతరులకు సోకే భయం త్వరగా తగ్గిపోతుంది. మద్రాసులో 1956లో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందు తిన్నవారు శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా బాగుపడ్డారు. వారి ఇంటివారికి అదనంగా ముప్పు రాలేదు. క్షయరోగిని ఇంటినుండి పంపివేయనక్కరలేదని లోకానికి తెలిసినది అలా. మన మిషనులు చాలా కలిసి 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం తెరిచినప్పుడు అటువంటి మందులు లేవు. మంచి గాలి, ఆహారం, విశ్రాంతి, వీటితోనే డెన్మార్కు దేశపు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఆ పని మొదలుపెట్టారు. మన దేశంలో బి.సి.జి. టీకా వేయడం 1948లో ప్రారంభమైనది కూడా ఆ మదనపల్లెలోనే. ఆ టీకా పెద్దవారిని అంతగా కాపాడదు గాని, మా చిన్నాన్న బిడ్డను తీసుకొనిపోయిన మెదడు క్షయనుండి పసిపిల్లలను చాలావరకు కాపాడుతుంది.

చిన్నపిల్లల న్యుమోనియాకు గొట్టం లేకుండానే తల్లి పట్టగల గుర్తు ఉన్నది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూసి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలనుండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాదినుండి ఐదేళ్లలోపు బిడ్డకు 40, అంతకు చేరినా దాటినా ఆలస్యం చేయక తీసుకొనిపోవాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే అర్ధరాత్రి అయినా ఆగవద్దు. డబ్బా రోగం అని పొట్టమీద వాతలు పెట్టించి తెచ్చిన పిల్లలను నేను చూశాను. న్యుమోకోకస్ టీకా ఇప్పుడు ప్రభుత్వమే ఉచితంగా వేస్తున్నది.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. పాతకాలపు మిషనరీలు కట్టిన మన దేవాలయాలకు ఎత్తయిన కప్పు, రెండువైపులా పెద్ద కిటికీలు. ఇప్పుడు ఏ.సి. యంత్రాలు పెట్టించి ఆ కిటికీలకు అద్దాలు బిగించే ఉత్సాహం కనబడుతున్నది. క్రిస్మస్ రాత్రి అయిదువందలమంది గొంతెత్తి పాడే చోట కిటికీలు మూయడం ఏమిటో నాకు అర్థం కాదు. పాస్టరేటు కమిటీలు ఆలోచించాలి.

లెనెక్ సంగతికి వస్తాను. పుస్తకం అచ్చయ్యేసరికి ఆయన ఆరోగ్యం చితికిపోయింది. బ్రిటనీలోని సొంత ఊరి పక్కకు పోయి రెండేళ్లు పొలాల మధ్య గడిపాడు. కొంత తేరుకొని 1821లో పారిస్ తిరిగి వచ్చాడు. మరుసటి సంవత్సరం కళాశాలలో ఆచార్యుడయ్యాడు. ఆయన దగ్గర గొట్టంతో వినడం నేర్చుకోవడానికి దేశదేశాలనుండి విద్యార్థులు వచ్చారు. అంతకు ముందే పుస్తకం ఇంగ్లీషులోకి పోయింది. జలగలు పట్టించడమే సర్వరోగ నివారిణి అనే బ్రూసె వంటి వైద్యులు ఆయనను ఎగతాళి చేశారు. 1824 చివర ఆయన వివాహం చేసుకున్నాడు. 1826లో పుస్తకం రెండవ కూర్పు ముగించేసరికి దగ్గు, జ్వరం, నీరసం. ఎన్ని వందలమందిలోనో ఆ వ్యాధిని గుర్తించినవాడు తనలో దానిని ఒప్పుకోవడానికి చాలా కాలం ఇష్టపడలేదు.

చివరకు ఆయన బంధువు, మేరియాదెక్ అనే యువవైద్యుడు ఆ గొట్టాన్నే ఆయన ఛాతీమీద పెట్టి విని, విన్నది చెప్పాడు. ఆ చప్పుళ్లకు పేర్లు పెట్టినవాడు గనుక అర్థం వేరే చెప్పనక్కరలేకపోయింది. మే నెలలో భార్యతోపాటు బండిలో బ్రిటనీకి బయలుదేరాడు. సముద్రపు గాలి సహాయం చేస్తుందని ఆశ. కెర్లువార్నెక్ అనే తన పల్లె ఇంట 1826 ఆగస్టు 13న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు. మరణానికి కొద్దిసేపు ముందు వేళ్ల ఉంగరాలు ఒక్కొక్కటే తానే తీసి పెట్టాడట, తరువాత ఇంకొకరు ఆ పని చేయవలసి రాకుండా. వీలునామాలో మేరియాదెక్‌కు తన పుస్తకాలు, కాగితాలు, గడియారం, ఒక ఉంగరం, వాటితోపాటు తన స్టెతస్కోపు రాసి ఇచ్చాడు. వాటన్నిటిలో ఎక్కువ విలువైనది ఆ కర్రగొట్టమేనని ఆయన అభిప్రాయం.